ఐసుకు చెప్పిన ఓకే

బందరు పక్కన గిలకలదిండి రేవులో పెద్దింట్లమ్మను ఎరగనివాళ్లు ఉండరు. గొంతు పెద్దదని కాదు, రేవులో అందరి గొంతులూ పెద్దవే. ఆమె మాట చిన్నది. పక్కవాళ్లు పావుగంట బేరమాడి తేల్చేదాన్ని ఆమె "ఉంచు" అనో, "తీసెయ్" అనో ఒక్క ముక్కలో తేల్చేసి, బుట్ట ఎత్తుకుని వెళ్లిపోతుంది.

పుట్టిల్లు దివిసీమలో, కోడూరు దాటాక గాలిలో ఉప్పు తగిలే చోట. పెళ్లయి గిలకలదిండి వచ్చింది. భర్త బోటు మీద వేటకు వెళ్లేవాడు. కూతురు హారిక హైస్కూల్లో ఉండగా అతను కామెర్లతో పోయాడు. ఏడవాల్సినన్నాళ్లు ఏడ్చి, ఒక తెల్లవారుజామున చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని రేవుకు వెళ్లి వేలంపాటలో నిలబడింది. అప్పటినుంచి చేపలు పాడుకోవడం, పొద్దున పాసింజరెక్కి గుడివాడ చేరడం, వీధులు తిరిగి అమ్ముకుని మధ్యాహ్నానికి ఇల్లు పట్టడం, ఇదే ఆమె బతుకు. ఆ బుట్ట మీదే హారికకు డిగ్రీ చదువు చెప్పించింది. హారిక ఇప్పుడు బందర్లో ఒక ప్రైవేటు బళ్లో లెక్కల టీచరు.

పెద్దింట్లమ్మకు వచ్చిన ఇంగ్లీషు మాటల్లో ఆమె గౌరవించేది ఒక్కటే, ఓకే. ఆ మాట ఆమె నేర్చుకున్నది వేలంపాటలో. పాట పాడించే ఆయన చేపల కుప్ప ముందు నిలబడి "ఓకేనా? ఓకేనా?" అని చుట్టూ చూస్తాడు. ఎవరు ఓకే అంటే కుప్ప వాళ్లది. అన్నాక వెనక్కి తీసుకోవడం ఉండదు. ఒకసారి ఆమె ఓకే అన్న వంజరం కుప్పలో పైన ఉన్నవి మూరెడు, కింద ఉన్నవి జానెడు వచ్చాయి. గొడవ పెట్టుకోమని పక్కవాళ్లు ఎగదోశారు. "ఓకే అన్నాను గదా" అని ఆ జానెడు చేపలన్నీ బుట్టలో వేసుకుని రైలెక్కింది. ఆమె దృష్టిలో ఓకే అంటే చేతిలో చెయ్యి వేసినట్టే.

పేచీ అంతా ఆ మాట ఆమెతో పాటు గుడివాడ వెళ్లాక వచ్చింది.

గుడివాడలో ఆమె వాడిక ఇళ్లు చాలావరకు అపార్టుమెంట్లు అయిపోయాయి. మోకాళ్ల నొప్పులు మొదలయ్యాక మెట్లెక్కడం కష్టమైంది. అప్పుడు హారికకు ఒక ఆలోచన వచ్చింది. వాడికగా కొనేవాళ్లందరినీ ఒక వాట్సాప్ గ్రూపులో పెట్టి, రేవులోనే చేపల ఫోటో పంపితే, కావాలన్నవాళ్లకు సరిపడా కొనుక్కుని వెళ్లొచ్చు కదా! నంబర్లు పోగు చెయ్యడానికి భానుమతి గారు సాయం చేశారు. కవుతరం దగ్గర పొలాలున్న ఇల్లు వాళ్లది. భర్త పూర్ణచంద్రరావు గారితో గుడివాడలో మూడో అంతస్తులో ఉంటారు. పెద్దింట్లమ్మ బుట్ట ఎత్తుకున్న మొదటి ఏడాది నుంచీ ఆవిడ వాడిక.

గ్రూపు మొదలైన రోజు రేవులో చందువా బాగా పడింది. పెద్దింట్లమ్మ ఫోటో పెట్టి, ఫోను నోటి దగ్గర పెట్టుకుని, "అమ్మగార్లూ, అయ్యగార్లూ, చందువా. ఇప్పుడే బోటు దిగింది" అని పంపింది. ఫోను టింగు టింగుమంటూ ఆగలేదు. కూడబలుక్కుంటే తెలుగు చదవగలదు గానీ ఇంగ్లీషు రాదు. ఓకే ఒక్కటి పోల్చుకోవడం హారిక నేర్పింది. ముందు సున్నా, పక్కన చెయ్యీ కాలూ చాపిన కర్ర. చూస్తే అన్నీ సున్నాలూ కర్రలే. మధ్యలో బొటనవేళ్లు. వేళ్లను కూడా ఓకేల్లో కలుపుకుని రెండు కుప్పలు పాడేసింది.

గుడివాడలో ముందు భానుమతి గారి తలుపు కొట్టింది.

"అదేంటే పెద్దింట్లూ, ఇవాళ వచ్చావు?"

"చందువా తెచ్చానండీ. మీరు ఓకే అన్నారు గదా."

"ఇవాళ శనివారం కదే! శనివారం మేం తింటామా?"

"శనివారమని నాకూ తెలుసండీ. తెలిసీ ఓకే అన్నారంటే, వెంకన్నబాబుతో ఏదన్నా మాట్లాడుకున్నారేమో అనుకున్నా."

భానుమతి గారు నవ్వు ఆపుకోలేకపోయారు. "ఓకే అంటే చూశాను అని అమ్మా. నువ్వంత పొద్దున్నే పలకరిస్తే పలక్కపోతే బాగోదు కదా."

కింది అంతస్తు ఆయన ఓకే అన్నది, ధర చెబితే అప్పుడు ఆలోచిద్దామనట. ఎదురింటి కొత్త కోడలు వేలు పెట్టింది ఫోటో బాగుందనట. "ఎండలో భలే మెరుస్తున్నాయండీ" అని ఇప్పుడు కూడా మెచ్చుకుంది, కొనలేదు. ఇంకొకావిడ, "ఓకే అన్నాను గానీ ఇవాళే అన్నానా?" అని తలుపు వేసేసుకుంది. కొన్నవాళ్లు లేకపోలేదు గానీ, రెండు కుప్పల చందువా నలుగురైదుగురు కొంటే తరిగేది కాదు.

పెద్దింట్లమ్మ మెట్ల మీద కూర్చుంది. ఎండెక్కుతోంది. పెట్టెలో ఐసు నీళ్లవుతోంది. ఎల్లయ్యకు ఫోను చేసింది.

ఎల్లయ్యది దివిసీమలోని ఎదురుమొండి దీవి. చాలా ఏళ్ల కిందటే బందరు వచ్చి, ఐసు ఫ్యాక్టరీ నుంచి రేవుకు ట్రాలీ ఆటోలో ఐసు తోలుతున్నాడు. పెళ్లాం పోయింది, పిల్లలు లేరు. ఉన్నదల్లా మాట. టైరు పంక్చరైందని చెప్పాలన్నా మేకు ఎక్కడ దిగిందో, ఆ మేకు ఏ బండిలోంచి ఊడిపడి ఉంటుందో, ఆ బండివాడి మేనమామ ఎవరో చెప్పాకే పంక్చరు దాకా వస్తాడు. పెద్దింట్లమ్మ అతని మాటలు ఎప్పుడూ సగం వరకే వింటుంది. ఆ రోజు అతను గుడ్లవల్లేరు దాకా ఐసు తోలడానికి వచ్చి ఉన్నాడు. ఆమె "చేప మిగిలిపోయింది. ఐసు" అంది. అతను బండి తిప్పాడు.

వచ్చి, పెట్టె నింపి ఊరుకోలేదు. ట్రాలీ తలుపు దించి, చందువాలు వరసగా పేర్చి, అపార్టుమెంటు గేటు ముందు నిలబడి ప్రతి చేపకూ ఒక జీవితచరిత్ర చెప్పడం మొదలుపెట్టాడు. ఇది ఎంత దూరం ఈదిందో, ఏ వలను తప్పించుకుని ఏ వలలో పడిందో, దీని పక్కన తిరిగినవి ఏవో. శనివారాలు లేనివాళ్లు చుట్టూ చేరారు. పన్నెండు దాటేసరికి ట్రాలీలో ఐసు మాత్రమే మిగిలింది.

"మేలు" అంది పెద్దింట్లమ్మ.

"మేలు అన్నావు చూడు, మా అక్క కూడా ఇంతే, ఒకసారి తుఫానప్పుడు ఏమైందంటే..." అని ఎల్లయ్య అందుకునేలోపే ఆమె స్టేషను వైపు నడిచింది.

ఆ సాయంత్రం హారికను కూర్చోబెట్టింది. "ఓకే అంటే ఏంటే?"

"సరే అని అమ్మా."

"మరి అందరూ సరే అంటే చేప ఎందుకు మిగిలింది?"

హారిక తల గోక్కుంది. చెప్పడం మొదలుపెట్టాక తనకే ఆశ్చర్యమేసింది. ఎలా ఉన్నావంటే ఓకే అంటారు, బాగున్నానని. సినిమా ఎలా ఉందంటే ఓకే అంటారు, బాలేదని. కిందపడ్డవాళ్లని లేపుతూ ఓకేనా అంటారు. ఫోను పెట్టెయ్యాలంటే ఓకే ఓకే అంటారు, ఇక చాలు అని. సంబంధం ఓకే అయిందంటే మాత్రం నిజంగా ఓకే. బళ్లో పిల్లలు లెక్క అర్థమైందా అంటే అర్థం కానప్పుడే గట్టిగా ఓకే అంటారు.

"ఒక మాటకి ఇన్ని వేషాలా?"

"మన సరే మాత్రం? సరే వేరు, సర్లే వేరు, సరే సరే వేరు కదా."

"సరే అనేటప్పుడు మొహం కనపడతది. గొంతు వినపడతది. ఫోనులో సున్నా, కర్ర. దానికి మొహమేది?"

మర్నాడు గ్రూపులో ఆమె గొంతు వినిపించింది. జీవితంలో ఆమె మాట్లాడిన పెద్ద మాటల్లో అదొకటి. "అమ్మగార్లూ, అయ్యగార్లూ. ఇకనుంచి గ్రూపులో ఓకే అనొద్దు. కావాలంటే కావాలి అనండి, ఎన్ని కిలోలో చెప్పండి. అక్కర్లేకపోతే ఊరుకోండి, నేనేమీ అనుకోను. ఓకే అన్నోళ్లకి మాత్రం చేప ఇవ్వను."

గుడివాడలో ఇది పెద్ద కబురైపోయింది. "ఓకే" అని జవాబు పెట్టి, వెంటనే నాలిక కరుచుకుని తుడిచేసినవాళ్లే ఏడెనిమిది మంది. భానుమతి గారికి ఈ పద్ధతి ఎంత నచ్చిందంటే ఇంట్లో కూడా పెట్టేశారు. "బీపీ మాత్ర వేసుకున్నారా?" అంటే పూర్ణచంద్రరావు గారు పేపరులోంచి తలెత్తకుండా "ఓకే ఓకే" అనేవారు. ఇప్పుడు ఆవిడ పేపరు లాగేసి, "ఓకే కుదరదు. వేసుకున్నారా, లేదా?" అంటున్నారు. ఆయన పెద్దింట్లమ్మ కనిపించినప్పుడల్లా, "నా ప్రాణం మీదికి తెచ్చావు కదమ్మా" అని నవ్వేవారు. బేరం మాత్రం తిన్నగా నడిచింది. చేప మిగలడం మానేసింది. పెద్దింట్లమ్మకు కాస్త గర్వం కూడా వచ్చింది. రైల్లో ఎవరైనా ఫోనులో ఓకే ఓకే అంటుంటే, పాపం అన్నట్టు చూసేది.

అటువంటి రోజుల్లో ఒక పొద్దున పాసింజరు పెడన దాటుతుండగా ఎల్లయ్య నుంచి వాయిస్ మెసేజి వచ్చింది. పల్లీలవాడు అరుస్తున్నాడు, పక్కసీటులో పసిబిడ్డ ఏడుస్తోంది. ఆమె ఫోను చెవికి ఆనించుకుంది. ఎప్పటిలాగే ఎల్లయ్య గాలి దగ్గర మొదలుపెట్టాడు. గాలి తూర్పుకు తిరిగింది, ఫ్యాక్టరీలో కరెంటు పోయింది, మెకానిక్కు బావమరిది పెళ్లికి వెళ్లాడు, అందువల్ల రేపు ఐసు కాస్త ఆలస్యంగా వస్తుంది, కంగారుపడొద్దు. ఆమెకు కావలసిన ముక్క వచ్చేసింది. అక్కడితో ఆపేసి, మైకు బొమ్మ నొక్కి, "ఆఁ, ఓకే ఎల్లయ్యా, ఓకే" అని పంపి, ఫోను రొంటిన దోపుకుంది.

మర్నాడు ఐసు ఆలస్యంగా రాలేదు. అందరికంటే ముందొచ్చింది. ట్రాలీ కడిగి ఉంది. అద్దానికి చామంతి దండ వేలాడుతోంది. ఎల్లయ్య ఇస్త్రీ మడత నలగని తెల్లచొక్కాలో దిగాడు. రేవులో ఆడవాళ్లు తట్టలు దించి చూస్తున్నారు.

"ఎవరిదన్నా పెళ్లా ఎల్లయ్యా?" అంది పెద్దింట్లమ్మ.

ఎల్లయ్య సిగ్గుపడ్డాడు. "మనదే గదా."

"మనదే ఏంటి?"

"నిన్న నువ్వు ఓకే అన్నావు గదా పెద్దింట్లమ్మా. రెండుసార్లు అన్నావు."

పెద్దింట్లమ్మకు ఏదో తేడా కొట్టింది. ఫోను తీసి నిన్నటి మెసేజి మళ్లీ పెట్టింది. గాలి వచ్చింది, కరెంటు వచ్చింది, మెకానిక్కు బావమరిది వచ్చాడు, ఐసు ఆలస్యం వచ్చింది. ఆ తర్వాత ఎల్లయ్య గొంతు కొంచెం తగ్గింది. తగ్గినా చుట్టూ ఉన్నవాళ్లకు బాగానే వినపడింది.

"...ఇంకో మాట. మా అక్క ఎన్నాళ్లనుంచో అంటంది, ఒక్కడివే ఎన్నాళ్లురా అని. నాకూ నిన్ను చూసినప్పుడల్లా అనిపిస్తది, చెప్పడానికే నోరు రాలేదు. మనిద్దరం మనువాడితే ఎలా ఉంటదంటావు? నీకు ఇష్టమైతే ఓకే అని ఒక్క ముక్క పంపు చాలు. ఇష్టం లేకపోతే ఏమీ అనకు. నేనేమీ అనుకోను. ఐసు మాత్రం మామూలుగానే తెస్తాను."

రేవంతా ఒక్కసారి గొల్లున నవ్వింది. పెద్దింట్లమ్మ మొహం కందగడ్డలా అయింది.

"నేను ఐసుకి ఓకే అన్నానయ్యా!"

ఎల్లయ్య నోరు తెరిచాడు. మూశాడు. అతనికి మాట దొరకకపోవడం రేవులో ఎవరూ అంతకుముందు చూడలేదు. "ఓహో, ఐసుకా" అన్నాడు చివరికి. వెళ్లి తలుపు దించి, తెల్లచొక్కాతోనే ఐసు దిమ్మలు దించడం మొదలుపెట్టాడు. నవ్వుతున్నవాళ్లు నవ్వడం ఆపేశారు. అన్నీ దించాక ఆమె దగ్గరికి వచ్చి, మెల్లగా చెప్పాడు. "ఒక్కటే ఇబ్బంది. మా అక్కకు నిన్ననే చెప్పాను. పొద్దున్నే దీవిలో ఏరు దాటే పంటు ఎక్కేసిందంట. నేను సర్ది చెప్తాలే, నువ్వు రైలుకి పో."

పెద్దింట్లమ్మ గుడివాడ వెళ్లింది గానీ ఆ రోజు తూకం తిన్నగా వెయ్యలేకపోయింది. కోపం ఎవరి మీదో తెలియలేదు. ఓకే అన్నోళ్లకి చేప ఇవ్వనని ఊరందరికీ చాటింది తనే. సగం విని, ఆలోచించకుండా ఓకే పారేసిందీ తనే. శనివారం ఓకే అన్న భానుమతి గారికీ తనకూ తేడా ఏముంది? ఆవిడ వల్ల చేప మిగిలింది. తన వల్ల ఒక మనిషి ఇస్త్రీ చొక్కా వేసుకుని నలుగురిలో నిలబడ్డాడు.

ఇంటికి వచ్చేసరికి గుమ్మంలో పీతల బుట్ట, దాని పక్కన కొత్త పెళ్లిచీర పొట్లం ఉన్నాయి. లోపల ఎల్లయ్య అక్క సువర్ణ హారికతో కూర్చుని భోంచేస్తోంది. ఎల్లయ్య ఆమెను బస్టాండులోనే పట్టుకుని సంగతి చెప్పాడు, చెప్పినా వచ్చింది. పంటు ఎక్కి, బస్సు మారి ఇంత దూరం వచ్చినదాన్ని మనిషి మొహం చూడకుండా పోనా అందట.

పెద్దింట్లమ్మ కాళ్లు కడుక్కుని వచ్చి, ఎదురుగా కూర్చుని, "పొరపాటు నాదే వదినా. ఏమనుకోవద్దు" అంది.

సువర్ణ చేతిలో ముద్ద ఆగిపోయింది. "ఏమన్నావూ?"

"పొరపాటు నాదే అన్నాను."

"దాని తర్వాత మాట?"

పెద్దింట్లమ్మ నాలిక కరుచుకుంది. రేవులో ఆడవాళ్లందరినీ వదినా అనే పిలుస్తుంది. నోటి అలవాటు. హారిక మొహం పక్కకు తిప్పుకుని నవ్వుతోంది. సువర్ణ మాత్రం నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది. "ఓకేలు మీవేమో నాకు తెలవదు గానీ, వదినా అంటే మాత్రం మా దీవిలో ఒకటే అర్థం" అంది. తర్వాత కాస్త ఆగి, గొంతు మార్చి చెప్పింది. "తొందరేం లేదమ్మా. నీకు ఇష్టం లేకపోతే లేదు. మావోడు ఏడవడు. ఆడికి మాట్లాడటానికి ఎవరో ఒకరు దొరుకుతారు. వినేవాళ్లే దొరకరు."

పీతలు వదిలేసి, చీర మాత్రం వెనక్కి పట్టుకుపోయింది.

ఎల్లయ్య అన్నమాట నిలబెట్టుకున్నాడు. ఐసు మామూలుగానే వచ్చింది. మారిందల్లా అతని మాట. "ఐసు వచ్చింది." "రేపు లేదు." "పెట్టె మూత సరిగ్గా లేదు." మెసేజి తెరిచేలోపే అయిపోయేది. రేవులో కూడా పనిచూసుకుని బండెక్కేవాడు. పాత పెద్దింట్లమ్మ అయితే హాయి అనుకునేది. ఇప్పుడు రైల్లో ఫోను పట్టుకుని కూర్చుంటే కవుతరం దాకా ప్రయాణం సాగేది కాదు.

ఒకరోజు ఏమీ తోచక అతని పాత మెసేజీలు తెరిచింది. ఎప్పుడూ సగంలో ఆపేసినవి, ఈసారి చివరిదాకా వింది. గుడ్లవల్లేరు కాలేజీ దగ్గర కుర్రాళ్లు తన ట్రాలీని తోసి పెట్టిన సంగతి ఒకదానిలో. ఎదురుమొండిలో అక్క మేకల్లో ఒకటి పంటు ఎక్కి తనంతట తనే నాగాయలంక వెళ్లి తిరిగొచ్చిన సంగతి ఇంకోదానిలో. ఆ మేక సంగతికి పెద్దింట్లమ్మ బోగీలో అందరూ తిరిగి చూసేలా నవ్వింది. చాలావాటి చివర, మాట మధ్యలో పడేసినట్టుగా ఏదో ఒకటి ఉండేది. నిన్న దగ్గుతున్నావు, మిరియాల కషాయం పెట్టుకో. రెండో ప్లాట్‌ఫారం మెట్లు తడిగా ఉన్నాయంట, చూసి దిగు. హారికకి బళ్లో పర్మినెంట్ అయిందంట గదా, నాకు చెప్పనేలేదు. ఇవన్నీ ఇన్నాళ్లూ ఆమె ఫోనులోనే ఉన్నాయి. ఒక్కదానికీ ఆమె జవాబివ్వలేదు. అన్నిటి కిందా ఆమె గొంతుతో "ఓకే" అని మాత్రం ఉంది.

భానుమతి గారి దగ్గర ఓసారి నోరు జారి సంగతి చెప్పింది. ఆవిడ, "ఈ వయసులో ఎందుకే, నలుగురూ ఏమనుకుంటారు?" అన్నారు. "మాలో మారుమనువు ఉందండీ. తప్పు కాదు" అంది పెద్దింట్లమ్మ. అన్నాక తనే ఆశ్చర్యపోయింది, తాను ఎవరి తరఫున మాట్లాడుతోందో అర్థమై.

వానలు మొదలయ్యాక ఒక మధ్యాహ్నం మెసేజి వచ్చింది. "రేపు ఐసు రాదు. అక్క చెయ్యి విరిగింది." అంతే.

పెద్దింట్లమ్మ వెంటనే ఫోను చేసింది. "ఎలా విరిగింది?"

"జారిపడింది."

"ఎక్కడ? ఎముక కట్టు వేశారా? దగ్గర ఎవరున్నారు?"

"ఓకేలే, పర్లేదు" అన్నాడు ఎల్లయ్య.

"ఓకేలే ఏంటి? నన్ను కూడా గ్రూపులో కలిపేశావా? సరిగ్గా చెప్పు. మొదట్నుంచీ చెప్పు. గాలి దగ్గర్నుంచి చెప్పు!"

ఎల్లయ్య, మొన్న రాత్రి దీవిలో పడ్డ వాన సంగతి ఎత్తుకుని, మేకల దొడ్డి మీద రేకు ఎగిరిపోవడం, అక్క దాని వెనకాల పరుగెత్తడం, రేకు పక్కింటి కొట్టం మీద వాలడం అన్నీ చెప్పుకుంటూ చెయ్యి విరిగిన దాకా వచ్చాడు. ఆమె మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు తగల్లేదు.

ఫోను పెట్టేశాక హారిక వైపు తిరిగింది. "రేపు ఎదురుమొండి వెళ్తాను. ఎల్లయ్య సంగతి నువ్వేమంటావు?"

"నాకు ఓకే అమ్మా."

"ఏ ఓకే? సినిమా ఓకేనా, కిందపడ్డోళ్ల ఓకేనా?"

హారిక నవ్వబోయింది, నవ్వు సగంలో తడిసిపోయింది. "కొంచెం భయంగా ఉంది. నాన్నని మర్చిపోతావేమోనని కాదు... మనిద్దరమే ఉండటం అలవాటైపోయింది కదా. కానీ ఇష్టమే. బాబాయ్ మంచోడు. నువ్వు ఆయన మెసేజీలు వింటూ నవ్వుకోవడం చూశాను."

పెద్దింట్లమ్మ ఆ రాత్రి కూతురి తల నిమురుతూ పడుకుంది. చిన్నప్పుడు తప్పితే మళ్లీ అలా పడుకోలేదు ఇద్దరూ.

మర్నాడు ఎల్లయ్యా, ఆమే బందరు నుంచి ట్రాలీలో బయల్దేరారు. మోపిదేవి, అవనిగడ్డ, నాగాయలంక దాటి రేవు చేరి, పంటు ఎక్కారు. మోటారుసైకిళ్లు, గ్యాసు బండలు, ఇద్దరు టీచర్లు, ఒక కోళ్ల గంప. కృష్ణ నిండుగా, ఎర్రగా ఉంది. పంటు నడిమిలోకి వచ్చాక పెద్దింట్లమ్మ అంది. "ఎల్లయ్యా, ఆ రోజు అడిగిన మాట మళ్లీ అడుగు."

ఎల్లయ్య నీళ్లవైపు చూశాడు. "మొదట్నుంచీనా?"

"చివరి ముక్క చాలు."

అతను గొంతు సవరించుకున్నాడు. రెండుసార్లు మొదలుపెట్టి ఆగాడు. "నన్ను మనువాడతావా?"

"ఆడతాను. నాకిష్టమయ్యే చెప్తున్నాను, నోరు జారి కాదు. హారికను అడిగాను, దానికీ ఇష్టమే. కాపురం గిలకలదిండిలోనే. నా గుడివాడ బేరం నేను మానను. నువ్వు మాట్లాడితే వింటాను, మరీ నిద్రొస్తే తప్ప. మేకలు మాత్రం తేవొద్దు."

అన్ని మాటలు ఒక్కసారి అన్నందుకు ఆమెకే ఆయాసం వచ్చింది. ఎల్లయ్య వేళ్లు మడిచి ఏదో లెక్క వేసుకుంటున్నాడు. కోళ్ల గంప పక్కనున్న ముసలాయన, "ఏదో ఒకటి చెప్పవయ్యా, రేవు వచ్చేస్తంది" అన్నాడు.

"రెండు మేకలైనా?" అన్నాడు ఎల్లయ్య.

సువర్ణ కట్టు కట్టిన చేత్తోనే పెట్టె తెరిచి ఆ చీర బయటికి తీసింది. ఆ నెలలోనే నాగాయలంకలో, గుళ్లో దండలు మార్చుకున్నారు. నలుగురూ ఏమనుకుంటారన్న భానుమతి గారు, ఆ నలుగురిలో అందరికంటే ముందు దిగారు, పూర్ణచంద్రరావు గారిని వెంటబెట్టుకుని. ఆయనకు పెళ్లి మధ్యలోనే మాత్ర వేసుకునే వేళయింది. అడక్కముందే మాత్ర చేతిలో పట్టుకుని ఆవిడకు చూపించి మరీ మింగారు.

ఇప్పుడు గిలకలదిండిలో పెద్దింట్లమ్మ పెరట్లో ఒక మేక ఉంది. రెండుకీ సున్నాకీ మధ్య అక్కడ రాజీపడ్డారు. అది హారిక పేపర్లు దిద్దుకునేటప్పుడు జవాబు కాయితాలు తినబోతే, ఆ అమ్మాయి దానికి లెక్కలు బాగా వంటబడుతున్నాయంటుంది. పాసింజరు మానేసి, ట్రాలీ ముందు సీటులోనే పెద్దింట్లమ్మ గుడివాడ వెళ్తోంది. బందరు దాటగానే ఎల్లయ్య గాలితో మొదలుపెడతాడు. పెడన దాకా ఆమె ఊఁ కొడుతుంది, ఏదో ఒకటి అడుగుతుంది, అతను చెప్పింది తప్పని వాదిస్తుంది కూడా. గుడ్లవల్లేరు దగ్గరికి వచ్చేసరికి తల అతని భుజం మీద వాలిపోతుంది. ఎల్లయ్య గొంతు తగ్గించి, గుంటలు తప్పిస్తూ, మాట్లాడుతూనే బండి నడుపుతాడు.